తీగ వాద్యం నేర్చుకునేవారి వేలికొనలు: కాయ కాయాలి, పొక్కు లేవకూడదు

హనుమకొండలో మా ఇంటికి వీణ నేర్చుకోవడానికి వచ్చే పిల్లల్లో ఎవరైనా రెండో వారంలో ఎడమచేయి చాచి, చూపుడువేలూ మధ్యవేలూ నా కళ్ల ముందు పెట్టారంటే, ఏం అడగబోతున్నారో నాకు ముందే తెలుస్తుంది. వేలికొన మీద ఎర్రటి గాడి ఒకటి పడి ఉంటుంది, దాన్ని బొటనవేలితో ఒత్తి చూసుకుంటూ ఉంటారు, వెనుక నిలబడ్డ తల్లి "ఇట్లనే ఉంటదా మేడం, మాన్పియ్యాల్నా?" అంటుంది. గిటారు వేరేచోట నేర్చుకుంటూ మా దగ్గర తీగలు మార్పించుకోవడానికి వచ్చే ఇంటర్ పిల్లలైతే ఆ ప్రశ్న కూడా అడగరు. నొప్పిని పళ్ల బిగువున భరిస్తే వేళ్లు వాటంతట అవే మొద్దుబారతాయని ఎవరో చెప్పిన మాట పట్టుకుని, రోజుకు 2 గంటలు వాయించి, నాలుగో రోజున పొక్కులతో కనిపిస్తారు. ఆ తల్లి భయమూ అక్కర్లేదు, ఈ కుర్రవాళ్ల మొండితనమూ పనికిరాదు. తీగ నొక్కే వేలికి కావలసింది పలుచగా, నునుపుగా, గట్టిగా ఉండే కాయ. అది రోజూ కొద్దికొద్దిగా వాయిస్తే వస్తుంది గాని నొప్పిని ఓర్చుకుంటే రాదు. దాన్ని ఎలా తెచ్చుకోవాలో, వచ్చాక ఎలా కాపాడుకోవాలో, ఎప్పుడు వాద్యం పక్కన పెట్టి వైద్యుడి దగ్గరకు వెళ్లాలో ఇక్కడ వివరిస్తాను.

చర్మంలో జరిగేది

కాయ కాయడం మన ప్రాంతంలో ఎవరికీ కొత్త సంగతి కాదు. పార పట్టిన అరచేతుల్లోనూ, ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన వేళ్ల మీదా దాన్ని చూస్తూనే పెరిగాం. చర్మపు పైపొర అడుగున కొత్త కణాలు పుడుతూ, పైకి జరుగుతూ, కెరాటిన్ అనే గట్టి ప్రోటీన్‌తో నిండి, చివరకు జీవం లేని పలుచని పొలుసులై రాలిపోతుంటాయి. అడుగు నుంచి పైకి చేరడానికి సుమారు 4 వారాలు పడుతుంది. ఒకేచోట మళ్లీ మళ్లీ ఒత్తిడి, రాపిడి తగులుతుంటే అక్కడ కణాలు ఎక్కువగా తయారవుతాయి, పైన ఉన్న పొలుసుల పొర మందమవుతుంది. అందువల్లనే ఎంత తొందరపడ్డా కాయ వారం రోజుల్లో రాదు. రోజూ వాయించేవారికి 2 నుంచి 4 వారాల్లో వేలికొన గట్టిపడుతున్నట్టు తెలుస్తుంది, పూర్తిగా కుదురుకోవడానికి 2, 3 నెలలు పడుతుంది.

అదే రాపిడి ఒక్కరోజులో, చర్మం సిద్ధపడకముందే ఎక్కువసేపు తగిలితే పైపొరలోని అరలు ఒకదాని మీద ఒకటి జారి విడిపోతాయి, ఆ సందులో నీరు చేరుతుంది. అదే పొక్కు. కాయకూ పొక్కుకూ కారణం ఒకటే, మోతాదులోనే తేడా. పొక్కు లేచి, పగిలి, పైచర్మం ఊడిపోయిన చోట మళ్లీ లేత చర్మమే వస్తుంది కనుక, పొక్కు తెచ్చుకున్నవాడు ముందుకు వెళ్లినట్టు కాదు, మొదటి రోజుకు తిరిగి వచ్చినట్టు.

నా ఎడమ చూపుడువేలును కిటికీ వెలుగులో పక్కకు తిప్పి చూస్తే, గోరు అంచుకు కొద్దిగా కింద, కొంచెం ఏటవాలుగా, తీగ వెడల్పున ఒక గాడి కనిపిస్తుంది. దానికి రెండు వైపులా చర్మం లేత పసుపు రంగులో, మైనం రుద్దినట్టు మెరుస్తుంది. సాధన ముగించి లేచేసరికి ఆ గాడిలో కొబ్బరినూనె, లోహపు మసి కలిసి కాటుక గీతలాంటి చార ఏర్పడుతుంది, సబ్బుతో రెండు మూడు సార్లు రుద్దితే గాని పోదు. శిష్యుల వేళ్లు చూసేటప్పుడు నేను గట్టిదనం కంటే ఈ గాడినే ఎక్కువగా చూస్తాను. గాడి ఒక్కచోటే ఉంటే వేలు ఎప్పుడూ ఒకే కోణంలో దిగుతోందని అర్థం. రెండు మూడు చోట్ల అడ్డదిడ్డంగా గీతలు ఉంటే చేయి ఇంకా కుదురుకోలేదని, ఆ పిల్ల అవసరానికి మించి నొక్కుతోందని చెప్పవచ్చు.

ఏ వాద్యానికి ఏ బాధ

ఉక్కు తీగల గిటారు మొదటివారాల్లో అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తుంది. సాధారణంగా వాడే తేలికరకం తీగల కట్టలో మొదటి తీగ మందం 0.012 అంగుళం, అంటే సుమారు 0.30 మిల్లీమీటర్లు. అంత సన్నని తీగ మీద వేలి బలమంతా ఒక గీత మీదనే పడుతుంది కనుక అది కత్తి అంచులా దిగుతుంది. నైలాన్ తీగల గిటారులో మొదటి తీగ దాదాపు 0.7 మిల్లీమీటర్లు ఉంటుంది, తీగల మొత్తం బిగువు కూడా ఉక్కు తీగల గిటారు బిగువులో ఇంచుమించు సగమే. పదేళ్లలోపు పిల్లలకు గిటారు కొనేవారు నైలాన్ తీగలది కొనడం మంచిదని నా అభిప్రాయం. మామూలు మాండలిన్‌లో తీగలు జంటలుగా ఉంటాయి, ఒక్క వేలితో రెండు ఉక్కు తీగలు నొక్కాలి కనుక చిన్న వాద్యమని దాన్ని తక్కువగా అంచనా వేయకూడదు.

వీణలో బాధ వేరు. ఇక్కడ 24 మెట్లు (ఫ్రెట్లు) మైనం మీద ఎత్తుగా నిలబడి ఉంటాయి, వేలు కర్రను తాకదు, స్వరాన్ని ఊపి పలికించే గమకాలను చాలావరకు తీగను మెట్టు మీద పట్టి పక్కకు లాగి పలికిస్తారు. అంటే ఒత్తిడి కంటే కోత ఎక్కువ. సారణి అనే మొదటి తీగ మీద గమకం లాగే చూపుడు, మధ్య వేళ్ల కొనలు తెగినట్టు అనిపించేది అందుకే. వయొలిన్‌కు మెట్లు లేవు, తీగను అంత గట్టిగా నొక్కవలసిన పనీ లేదు. అయితే కర్ణాటక బాణీలో జారు ప్రయోగాలు చేసేటప్పుడు వేలు తీగ పొడవునా పాకుతుంది కనుక కొన మీద పొడుగాటి గీత పడుతుంది. ఆదిలాబాద్ వైపు గోండుల కథలు పాడే ప్రధాన్ కళాకారులు కమానుతో వాయించే కిక్రి వంటి వాద్యాలదీ ఇంచుమించు ఈ దారే. సారంగి వాయించేవారైతే వేలికొనతో కాక గోటి మొదలుతో తీగను తాకుతారు, వారి కాయలు గోటి పక్కన కాస్తాయి.

మొదట వాద్యాన్ని చూడండి

వేలి నొప్పిలో సగం వేలి తప్పు కాదు. కాజీపేట నుంచి ఒక కుర్రాడు 3 నెలలుగా ఎఫ్ స్వరసమూహం (కార్డ్) పలకడం లేదని, తన వేళ్లలోనే బలం లేదని నిరాశపడుతూ వచ్చాడు. అతని గిటారు 12వ మెట్టు దగ్గర తీగకూ మెట్టుకూ మధ్య నా చిటికెనవేలు దూరేంత సందు ఉంది. అమ్మిన దుకాణంలో "కొత్తల అట్లనే గట్టిగుంటది" అని పంపించారట. ఉక్కు తీగల గిటారుకు 12వ మెట్టు దగ్గర మందపు తీగ కింద సుమారు 2.5 మిల్లీమీటర్లు, సన్న తీగ కింద సుమారు 2 మిల్లీమీటర్ల సందు ఉంటే చాలు. స్కేలు నిలబెట్టి కొలిస్తే తెలిసిపోతుంది. మొదటి మెట్టు దగ్గర కూడా చూడాలి: తీగను మూడో మెట్టు దగ్గర నొక్కి పట్టినప్పుడు మొదటి మెట్టు మీద వెంట్రుకవాసి సందే మిగలాలి, అంతకంటే చాలా ఎక్కువ ఉంటే తలవైపు తీగలు కూర్చునే గాళ్ల పట్టీని (నట్) అరగదీయించాలి. ఆ పని వచ్చినవారితో చేయించాలి గాని ఇంట్లో ఆకురాయి పట్టుకుని కూర్చోకూడదు, ఎందుకంటే ఒక్కసారి ఎక్కువ అరిగితే తీగ గరగరమంటుంది.

మరమ్మతు చేయించే లోపల ఒక ఉపాయం ఉంది. తీగలన్నిటినీ అరస్వరం కిందికి దించి శృతి చేసుకుంటే బిగువు సుమారు 11 శాతం తగ్గుతుంది. బిగువు శృతి వర్గాన్ని అనుసరించి మారుతుంది కనుక ఇంత చిన్న మార్పుకే వేలికి తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఒకటి రెండు నెలల తర్వాత మళ్లీ మామూలు శృతికి రావచ్చు. సన్నరకం తీగల కట్ట, అంటే 0.010 అంగుళంతో మొదలయ్యేది వేసుకోవడం కూడా మంచి పనే, నాదం కొంచెం పలుచబడుతుంది గాని నేర్చుకునే దశలో అది పెద్ద నష్టం కాదు.

వీణకు మన ఎండలతో ఒక చిక్కు ఉంది. మే నెలలో వరంగల్‌లో 40 డిగ్రీలు దాటిన రోజుల్లో రేకుల గదిలోనో, పడమటి కిటికీ పక్కనో వీణను ఉంచితే మైనం మెత్తబడి మెట్లు కుంగుతాయి. ఒక మెట్టు కుంగిందంటే ఆ స్వరం పలకడానికి వేలు రెట్టింపు కష్టపడుతుంది, పిల్లలు అది తమ లోపమే అనుకుంటారు. ఒకటి రెండు స్వరాల దగ్గరే వేలు బాగా నొస్తుంటే మేళం కట్టేవారికి, అంటే మైనం మీద మెట్లు అమర్చేవారికి, చూపించాలి. చెమట పట్టిన వేళ్లతో వాయించాక తీగలను పొడి నూలుగుడ్డతో తుడవకపోతే ఉక్కు తీగ తుప్పు పట్టి ఆకురాయిలా గరుకెక్కుతుంది. వేలిని తీగ మీద నెమ్మదిగా జరిపినప్పుడు గీసుకుంటున్నట్టు అనిపిస్తే ఆ తీగకు కాలం చెల్లింది, మార్చేయాలి.

ఎంత నొక్కాలి, ఎంతసేపు వాయించాలి

కొత్తగా చేరిన ప్రతి ఒక్కరితోనూ నేను చేయించే పరీక్ష ఒకటి ఉంది. ఎడమచేతి వేలిని తీగ మీద ఊరికే ఆనించి కుడిచేత్తో మీటాలి; నాదం రాదు, మొద్దు చప్పుడు వస్తుంది. మీటుతూనే వేలి ఒత్తిడిని కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే ముందు గరగర, ఆపైన ఒక్కసారిగా శుభ్రమైన స్వరం వస్తుంది. అక్కడితో ఆగాలి. అంతకుమించి నొక్కిన బలం ప్రతి గ్రామూ వేలిని నొప్పించడానికే గాని నాదానికి పనికిరాదు, పైగా శృతి కొంచెం పైకి పోతుంది. మెట్టుకు వీలైనంత దగ్గరగా, దాని వెనుక అంచున వేలు పెడితే అతి తక్కువ బలం సరిపోతుంది, రెండు మెట్ల నడుమ పెడితే చాలా ఎక్కువ బలం కావాలి. ఎడమచేతి గోళ్లు కొన కంటే లోపలికి కత్తిరించి ఉండాలి, లేకపోతే వేలు నిటారుగా దిగక మెత్తని కండ భాగం తీగ కింద నలుగుతుంది.

సమయం విషయంలో మొదటివారం రోజుకు 3 సార్లు, ఒక్కోసారి 10 నిమిషాలు, మధ్యలో కనీసం రెండు మూడు గంటల విరామం ఉండాలని చెబుతాను. రెండోవారం 15 నిమిషాల చొప్పున, మూడోవారం నుంచి 20 నిమిషాల చొప్పున పెంచుకోవచ్చు. ఆదివారం ఒక్కరోజే కూర్చుని వారం సాధన అంతా పూర్తి చేద్దామనుకునేవారికి కాయ రాదు, పొక్కే వస్తుంది. వీణ పిల్లలు మొదటి నెల సరళీ స్వరాలు, జంట స్వరాలతోనే సరిపెట్టుకుని గమకాల జోలికి పోకపోవడం వేలికి కూడా మేలే. పాఠాల ఆ వరుసను ఏర్పరచిన పెద్దలకు వేళ్ల సంగతి కూడా తెలిసే ఉంటుందని నాకు అనిపిస్తుంది.

వాయించడం ఆపాక గంటలోపు తగ్గిపోయే నొప్పి సహజం. మర్నాడు ఉదయం గ్లాసు పట్టుకున్నప్పుడు కూడా నొప్పి తెలిస్తే ఆ రోజు సాధన సగానికి తగ్గించాలి. వేలికొన ఎర్రబడి, నున్నగా మెరుస్తూ, తాకితే వేడిగా ఉంటే ఆ రోజు తీగ ముట్టకూడదు. కుడిచేతి మీటు పాఠాలు, స్వరం పాడుకుంటూ తాళం వేయడం వంటివి చేసుకోవచ్చు.

నీళ్లు, నూనె, మిరపకాయలు

నానిన చర్మం తీగ కింద తేలిగ్గా చీలుతుంది. స్నానం చేసి, గిన్నెలు తోమి, బట్టలు ఉతికి వెంటనే వాద్యం ముందు కూర్చోకూడదు, కనీసం అరగంట ఆరనివ్వాలి. వీణ, కర్ణాటక వయొలిన్ వాయించేవారు వేళ్లకు కొబ్బరినూనె చుక్క రాసుకోవడం పాత అలవాటు, అది వేలు తీగ మీద జారడానికి సాయపడుతుంది, కోత తగ్గిస్తుంది. చిన్న గుడ్డముక్కకు నూనె పట్టించి పక్కన పెట్టుకుని దాన్ని తాకితే చాలు, చేతిలో పోసుకోకూడదు. గిటారుకు మాత్రం వాయించే ముందు నూనె వద్దు, తీగలు జిడ్డెక్కుతాయి. డిసెంబరు, జనవరి చలికి కాయల అంచులు పగిలేవారు ఎవరైనా సరే, రాత్రి పడుకునేముందు పలుచగా వాసెలిన్ గాని కొబ్బరినూనె గాని రాసుకోవాలి.

ఒక సంక్రాంతి సెలవుల్లో నా శిష్యురాలు ఒకతె ఆరాధనోత్సవంలో వాయించాలని ఒక్కరోజులో గంటల తరబడి సాధన చేసి, లేచిన పొక్కును పిన్నీసుతో గుచ్చి, పైచర్మం పీకేసి, మర్నాడు ఊళ్లో కళ్లం దగ్గర తాలు మిరపకాయలు ఏరడానికి కూర్చుంది. ఆ సాయంత్రం ఫోనులో ఆమె ఏడుపు తప్ప మాట వినిపించలేదు. మిరప ఘాటు నూనెలో కరుగుతుంది గాని నీళ్లలో కరగదు కనుక ఎన్నిసార్లు నీళ్లు పోసినా మంట తగ్గలేదు. చర్మం తెగకుండా చేతికి ఘాటు పట్టితే ముందు వంటనూనె రుద్ది, తర్వాత సబ్బుతో కడగాలి. తెగిన చోట అయితే సబ్బునీళ్లతో పదేపదే మృదువుగా కడిగి, చల్లని నీళ్లలో ఉంచాలి. వేలికొనలు లేతగా ఉన్న రోజుల్లో మిరపకాయలు ముట్టుకోకుండా ఉండటమో, తొడుగు వేసుకోవడమో అంతకంటే సుళువు.

పొక్కు లేస్తే గుచ్చకూడదు. పైన ఉన్న చర్మమే దానికి మంచి కట్టు. అది దానంతట పగిలితే సబ్బునీళ్లతో కడిగి, చర్మాన్ని పీకకుండా పరిచి, శుభ్రమైన పట్టీ వేసి, పచ్చి ఆరేదాకా ఆ వేలితో వాయించకూడదు. సూపర్‌గ్లూ పూసుకుని వాయించే గిటారిస్టుల కథలు విని పిల్లలు అదే పని చేస్తుంటారు. కచేరీలు చేసేవారు తప్పనిసరైన రోజున ఏం చేసుకున్నా, తెగిన చర్మం మీద ఆ జిగురు పెట్టడం మంటకూ చీముకూ దారి తీయవచ్చు. స్పిరిట్‌తో రోజూ తుడిచి వేళ్లు గట్టిపరచుకోమనే సలహా కూడా నాకు నచ్చదు, ఎండిన చర్మం గట్టిపడినట్టు కనిపిస్తుంది గాని పగులుతుంది.

వచ్చిన కాయ మరీ మందమైతే, అంచు లేచి తీగకు తగులుకుంటే, గోళ్లకు వాడే సన్నని ఆకురాయితో ఆ అంచును మాత్రమే నునుపు చేయాలి. బ్లేడు పెట్టకూడదు, పళ్లతో కొరకకూడదు. పొలం పనిచేసే అరచేతికి కాయ ఎంత మందమైనా ఇబ్బంది లేదు, వాద్యం వాయించే వేలు మాత్రం తీగ కదలికను కాయలోంచి కూడా గుర్తుపట్టాలి.

కొందరికి ఈ కాయల వల్ల రేషన్ దుకాణంలోనూ, ఫోను తాళం దగ్గరా వేలిముద్ర పడదు. ఫోనులో కుడిచేతి వేలినో, బొటనవేలినో నమోదు చేసుకోవాలి. రేషన్ దుకాణంలో ఎడమ చూపుడువేలు పడకపోతే మరో వేలు పెట్టి చూడాలి, ఐరిస్ యంత్రం ఉంటే కంటిపాపతో తీసుకోమని అడగాలి.

వైద్యుడికి ఎప్పుడు చూపించాలి

వేలు వాచి, కొట్టుకుంటున్నట్టు నొప్పి పెడుతూ, చీము కనిపించినా, ఎరుపు వేలి మీదుగా పైకి పాకినా ఆలస్యం చేయకూడదు. వాయించిన తర్వాత కాసేపు కొన మొద్దుబారడం మామూలే. కానీ తిమ్మిరి రోజుల తరబడి పోకపోయినా, బొటన, చూపుడు, మధ్య వేళ్లు మూడూ రాత్రిపూట తిమ్మిరెక్కి నిద్ర లేపుతున్నా, అది కాయ సంగతి కాదు, మణికట్టు దగ్గర నరం నలుగుతూ ఉండవచ్చు. తీగ తగిలిన చోట దురద, చిన్న చిన్న నీటిపొక్కులు, పొట్టు కనిపిస్తే తీగలోని నికెల్ పడకపోవచ్చు, వయొలిన్ వారికి కమానుకు రాసే రాజనం (రోజిన్) కూడా పడకపోవచ్చు. మధుమేహం ఉన్నవారు, అందులోనూ వేళ్లలో స్పర్శ తగ్గినవారు, నొప్పి తెలియలేదని ధైర్యపడకుండా ప్రతి సాధన తర్వాత వేలికొనలు వెలుగులో చూసుకోవాలి. ఉద్యోగ విరమణ తర్వాత వీణ మొదలుపెట్టే పెద్దవారికి ఈ మాట నేను మొదటి పాఠంలోనే చెబుతాను.

కాయ కాసిన వేలికి స్పర్శ పోతుందేమోనని కొందరు అడుగుతారు. 1995లో ఎల్బర్ట్, తదితర పరిశోధకులు సైన్స్ పత్రికలో ప్రచురించిన అధ్యయనంలో, తీగ వాద్యాలు వాయించేవారి మెదడులో ఎడమచేతి వేళ్ల స్పర్శకు కేటాయించిన భాగం ఇతరులకంటే పెద్దదిగా ఉందని, చిన్నప్పుడే మొదలుపెట్టినవారిలో ఆ తేడా మరింత ఎక్కువగా ఉందని కనుగొన్నారు. పైచర్మం మొద్దుబారినట్టు అనిపించినా వేలి నుంచి వచ్చే కబురును మెదడు మరింత శ్రద్ధగా వింటుందన్నమాట. తీగను పెద్దగా నొక్కని బొటనవేలికి ఆ తేడా తక్కువగానే కనిపించిందట.

వాయించడం మానేస్తే కాయ కొన్ని వారాల్లో పలుచబడి పొలుసులుగా రాలిపోతుంది. మార్చిలో పరీక్షల కోసం వాద్యానికి గవుసు తొడిగిన పిల్లలు, చివరి పరీక్ష రాసిన సాయంత్రమే పాత వేళ్లు ఇంకా ఉన్నాయనుకుని 3 గంటలు వాయిస్తారు. ఏప్రిల్ మొదటివారంలో మా ఇంటికి పొక్కులతో వచ్చేవారిలో కొత్తవారి కంటే వీళ్లే ఎక్కువ. నెల రోజుల విరామం తర్వాత మళ్లీ 10 నిమిషాలతో మొదలుపెట్టాలి, అయితే ఈసారి మొదటిసారి పట్టినన్ని వారాలు పట్టదు, వారం పది రోజుల్లోనే వేలు దారికి వస్తుంది. పరీక్షల రోజుల్లో కూడా రాత్రి భోజనానికి ముందు 5 నిమిషాలు ఒక్క అలంకారం వాయించుకుంటే ఆ వారం పది రోజులు కూడా అక్కర్లేదు.